సింగరేణికి ఖరీదు కట్టిన కుర్రాడు

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన రెండో రోజు సాయంత్రం, మా గేటు ముందు ఓ కుర్రాడు ల్యాప్‌టాప్ సంచీతో నిలబడ్డాడు. "నమస్తే సార్, గుర్తుపట్టిండ్రా? ఇంటర్ల మీ దగ్గర కామర్స్ సదివిన" అన్నాడు. ముఖం గుర్తుంది గానీ పేరు గుర్తుకు రాలేదు. పంతుళ్లకు ఇది మామూలే. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఉంటారు, తండ్రి బాయిలో పనిచేస్తాడు అని చెప్పాక లింకు దొరికింది. ఇప్పుడు ఎంబీయే రెండో సంవత్సరం, ఫైనాన్సు.

వచ్చిన పని ఏమిటంటే ప్రాజెక్టు. ఏదైనా ఒక కంపెనీని తీసుకుని, దాని లెక్కలు చదివి, దాని విలువ ఎంతో తేల్చాలి. తేల్చి, ఆ కంపెనీలో డబ్బు పెట్టొచ్చో లేదో చెప్పాలి. వందపేజీలు, బంగారు అక్షరాల బైండింగు, మూడు కాపీలు.

"ఏ కంపెనీ తీసుకున్నావు?" అన్నాను, ఇన్ఫోసిస్సో రిలయన్సో అంటాడనుకుంటూ.

"సింగరేణి సార్."

టీ గ్లాసు కింద పెట్టాను. కాలేజీలో గైడు కూడా పెట్టే ఉంటాడు. షేర్ మార్కెట్టులో లేని కంపెనీకి విలువ ఎలా కడతావోయ్, రోజూ ధర పలికే కంపెనీ తీసుకో, పని సులువు అన్నాడట. నిజం చెప్పాలంటే గైడు మాటే తెలివైనది. పేరున్న కంపెనీల మీద ప్రాజెక్టులు జిరాక్సు సెంటర్లలో తయారుగా దొరుకుతాయి. మొదటి పేజీలో పేరు మారిస్తే సరి. సింగరేణి మీద అలాంటిది దొరకదు. వాటాల్లో దాదాపు 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానివి, 49 శాతం కేంద్రానివి. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. 2022 నవంబర్ 12న ఎరువుల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేయడానికి రామగుండం వచ్చిన ప్రధాని మోదీ కూడా ఆ మాటే చెప్పి వెళ్లారు, ఎక్కువ వాటా రాష్ట్రానిదైనప్పుడు కేంద్రం ఎలా అమ్ముతుందని. అమ్మని వస్తువుకు ఖరీదు ఎందుకు?

ఆ ప్రశ్నే అడిగాను. కుర్రాడు కాసేపు సంచీ జిప్పు అటూ ఇటూ లాగాడు. "బాపుకు నడుము పోయింది సార్. రిటైర్మెంటుకు ఇంక నాలుగేండ్లున్నది. మెడికల్ బోర్డుకు పెట్టుకుంట, అన్‌ఫిట్ అయితె నీకు కొలువొస్తది అంటున్నడు."

మా ఊళ్లో ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. బయటి పాఠకుల కోసం చెబుతాను. గని కార్మికుడు జబ్బుతో పనికి పనికిరాడని కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తేలిస్తే, అతని మీద ఆధారపడిన వాళ్లలో ఒకరికి కంపెనీలో ఉద్యోగం ఇస్తారు. కారుణ్య నియామకం అంటారు. ఈ పిల్లవాడికి 24 ఏళ్లు. 2021 నుంచి సింగరేణిలో రిటైర్మెంటు వయసు 61. అంటే ఈ కొలువులో చేరితే 2062 దాకా చేయాలి.

"2062ల సింగరేణి ఉంటదా సార్? అది సూసుకుందామని తీసుకున్న."

గైడుకు ఈ సంగతి చెప్పలేదట. ఇలాంటివి ప్రాజెక్టు ముందుమాటలో రాయరు కదా.

ఇక విలువ కట్టడం సంగతి. వినడానికి పెద్ద విద్యలా ఉంటుంది గానీ, మీరు ఇల్లు కొనేటప్పుడు చేసేదే. కట్టడానికి ఎంతయిందని అడుగుతారు. పక్కిల్లు ఎంతకు పోయిందని వాకబు చేస్తారు. అద్దెకిస్తే నెలకెంత వస్తుందని లెక్క వేస్తారు. కంపెనీలకూ ఈ మూడే దారులు. మొదటిదానికి ఆస్తుల లెక్క, రెండోదానికి సాటి కంపెనీల పోలిక, మూడోదానికి రాబోయే నగదును ఈనాటి రూపాయల్లోకి మార్చుకోవడం. పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి ఫీజు ఎక్కువ.

మొదటి దారిలో కుర్రాడు రెండో వారానికే ఆగిపోయాడు. బ్యాలెన్స్ షీటులో షావెళ్లున్నాయి, డంపర్లున్నాయి, జైపూర్‌లో 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటుంది. బొగ్గు లేదు. ఒడ్డుకు తెచ్చి కుప్ప పోసిన బొగ్గు ఉంది గానీ, భూమిలో ఉన్నది లేదు. ఉండదు మరి. భూగర్భ సంపద ప్రభుత్వానిది. కంపెనీకి ఉన్నది తవ్వుకునే హక్కు మాత్రమే, దానికి బొగ్గు విలువలో 14 శాతం రాయల్టీ కట్టుకోవాలి. గోదావరి వెంట 350 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న బొగ్గే కంపెనీకి ప్రాణం. ఆస్తుల పట్టికలో దానికి గడి లేదు.

ఈ దారిని నమ్ముకుంటే ఎంత ప్రమాదమో సింగరేణి చరిత్రలోనే ఉంది. 1992లో ఒకసారి, 1996లో మరోసారి కంపెనీ బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. పోగుపడిన నష్టాలు కంపెనీ సొంత నిధులన్నింటినీ మింగేస్తేనే ఆ గడప దాకా వెళ్లాలి. అంటే పుస్తకాల ప్రకారం 1996లో సింగరేణి వాటాదారుల విలువ సున్నా కంటే తక్కువ. ఆ ఏడాది ఎవరైనా విద్యార్థి ఈ ప్రాజెక్టే చేసి ఉంటే, "ఊరికే ఇచ్చినా వద్దు" అని రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకునేవాడు. కేంద్రం, రాష్ట్రం కలిసి అప్పుల భారం తగ్గించాయి. ఓపెన్ కాస్టులు పెరిగాయి. మనుషులు తగ్గారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. 1997-98 నుంచి లాభాలే. ఆ లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి కూడా ఆ తర్వాతే వచ్చింది. మొదట 10 శాతం.

అసలు సింగరేణికి తప్పుడు ఖరీదు కట్టడం ఈనాటి విద్య కాదు. డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఆ హక్కులు దక్కించుకుంది. కాగితం మీద మూలధనం పది లక్షల పౌండ్లు, ఒక్కోటి పది పౌండ్ల చొప్పున లక్ష వాటాలు. అందులో 85 వేల వాటాలను, పూర్తి సొమ్ము చెల్లించినట్టే లెక్క రాసి, హక్కులు సంపాదించిన దొరలకే కట్టబెట్టారు. నగదు తెచ్చింది మిగతా 15 వేలే. పైగా నిజాం తరఫున బేరం నడిపిన అబ్దుల్ హక్, ఆ ఊరికే వచ్చిన వాటాల్లోంచే కొన్నింటిని లండన్ మార్కెట్టులో కొన్నట్టుగా నిజాం ప్రభుత్వానికే అంటగట్టాడు, ముఖవిలువ కంటే ఎక్కువ ధరకు! తన నేల కింది బొగ్గుకు తానే డబ్బిచ్చుకున్న ప్రభుత్వం అది. గొడవ బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయి, 1888లో కామన్స్ సభ విచారణ సంఘం కూచుంది. ఇల్లెందులో తవ్వకం మొదలైంది 1889లో. అంటే ఒక్క తట్ట బొగ్గు అమ్మకముందే షేర్లకు ధర పలికింది, కుంభకోణమూ అయిపోయింది.

ఈ కథ చెబితే కుర్రాడు ఆశ్చర్యపోయి నోట్సు రాసుకున్నాడు. "సార్, ఇది ప్రాజెక్టుల పెట్టొచ్చా?" అన్నాడు. పెట్టమన్నాను. గైడు తీసేయించాడట.

రెండో దారి, పక్కింటి ధర. బొగ్గు వాడలో సింగరేణికి పక్కిల్లంటే కోల్ ఇండియాయే. 2010లో కేంద్రం తన వాటాలో పది శాతం షేరు 245 రూపాయల చొప్పున అమ్మి 15 వేల కోట్ల పైన తెచ్చుకుంది. నవంబర్ 4న మార్కెట్టులోకి వచ్చిన రోజే షేరు 342 రూపాయల దగ్గర ముగిసింది. నాకూ కొన్ని వచ్చాయి. ఆ రోజే అమ్మేసి మహా తెలివి చూపాననుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో వచ్చిన డివిడెండ్ల లెక్క మా ఆవిడ దగ్గర ఎత్తను.

2025 మొదట్లో కోల్ ఇండియా షేరు ధర, ఏడాది లాభానికి ఆరేడు రెట్ల మధ్య ఆడుతోంది. కుర్రాడు ఏడు రెట్లు అనుకున్నాడు. సింగరేణి లాభాన్ని ఏడుతో గుణిస్తే పక్కింటి ధర వచ్చేస్తుంది. ఎక్కాల పుస్తకం చాలు. కానీ ఏ లాభాన్ని గుణించాలి?

2023-24 సంవత్సరానికి ప్రకటించిన లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు రాబోయే పెట్టుబడులకని పక్కన పెట్టారు. మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. దసరా ముందు లక్ష్మీనగర్ బజార్లో నిలబడితే ఆ 796 కోట్లు ఎటు పోతున్నాయో కళ్లారా కనిపిస్తుంది. ఏసీలు, బైకులు, బంగారం. 33 శాతం మొత్తం లాభం మీద ఇవ్వాలా, పక్కన పెట్టాక మిగిలినదాని మీదా అని సంఘాలు గొడవ పడ్డాయి. కాలనీ అరుగుల మీద చాలారోజులు అదే చర్చ. మరుసటి ఏడాదీ అదే తంతు. మొత్తం 6,394 కోట్లు, పక్కన పెట్టినవి 4,034 కోట్లు, మిగిలిన 2,360 కోట్లలో 34 శాతం.

కుర్రాడికి ఈ గొడవ ఇంట్లో విన్నదే. కానీ ఎక్సెల్ షీటులో పెట్టేసరికి దాని బరువు తెలిసింది. సింగరేణి మూలధనం దాదాపు 1,733 కోట్లు. పది రూపాయల షేర్లుగా లెక్కిస్తే 173 కోట్ల షేర్లు. 2,412 కోట్లను ఏడుతో గుణిస్తే కంపెనీ ఖరీదు 16,884 కోట్లు, షేరు 97 రూపాయలు. 4,701ని గుణిస్తే 32,907 కోట్లు, షేరు 190 రూపాయలు. కంపెనీ అదే, ఏడాది అదే, బొగ్గు అదే. ఖరీదు మాత్రం రెట్టింపు.

"ఏది కరెక్టు సార్?"

నన్నడిగితే వాటాదారుడికి పెద్ద అంకె. పక్కన పెట్టిన సొమ్ము ఎక్కడికీ పోదు, కంపెనీలోనే ఉంటుంది, సరైన చోట పెడితే రేపు ఇంకాస్త లాభం తెస్తుంది. కార్మికుడికి చిన్న అంకే, ఎందుకంటే అతని చేతికొచ్చేది దాని మీదే. కుర్రాడు వాటాదారుడి తరఫున ప్రాజెక్టు రాస్తున్నాడు, కార్మికుడి ఇంట్లో కూచుని. ఆ ఇబ్బంది అతని ముఖంలో కనిపించింది.

పోనీ ఆ ఏడు రెట్లయినా సరైనవేనా? కోల్ ఇండియా ఓపెన్ కాస్టులో టన్ను బొగ్గుకు రెండున్నర ఘనపు మీటర్ల మట్టి తీస్తుంది. సింగరేణి ఆరు దాకా తీయాలి. మా ఊరి చుట్టూ గుట్టల్లా లేచిన ఓబీ డంపులు చూసినవాళ్లకు ఈ లెక్క ఒకరు చెప్పక్కర్లేదు. మట్టి తవ్వితే డబ్బు రాదు, డీజిల్ ఖర్చవుతుంది. పక్కిల్లు చౌరస్తాలో ఉంది, మనది గుట్ట మీద ఉంది. ఒకే ధర పలకదు. ఇంకొకటి, బకాయిలు. బొగ్గు, కరెంటు కొనుక్కుని రాష్ట్ర విద్యుత్ సంస్థలు చెల్లించాల్సిన సొమ్ము వేల కోట్లలో ఉంది. అమ్మిన రోజే లాభం పుస్తకంలో పడుతుంది. డబ్బు ఎప్పుడు పడుతుందో వేరే కథ. పెద్ద యజమాని, పెద్ద బాకీదారు ఒకే ఇంటివాళ్లయినప్పుడు వసూలుకు ఎవరిని పంపుతారు? ఈ వాక్యాన్ని మర్యాదగా ఎలా రాయాలా అని ఇద్దరం అరగంట కూచున్నాం.

మార్చి వచ్చింది. మూడో దారి మిగిలింది. అద్దె లెక్క.

రాబోయే ఏళ్లలో కంపెనీ చేతికి మిగిలే నగదును ఏడాదివారీగా వేసుకుని, ప్రతి ఏడాదినీ ఇవాళ్టి రూపాయల్లోకి కుదించాలి. రేపటి రూపాయి ఇవాళ్టి రూపాయి కాదు కదా. కుర్రాడు ఏడాదికి 12 శాతం చొప్పున కుదించాడు. బ్యాంకు ఏ రిస్కూ లేకుండా ఇచ్చేదానికి ఇంకొంత కలిపి, రిస్కుకు ఇంత అని. సింగరేణికి మార్కెట్టు ధర లేదు గనుక ఆ రిస్కు కొలత కోల్ ఇండియా నుంచే అరువు తెచ్చుకున్నాడు. పుస్తకాల్లో రిస్కంటే షేరు ధర ఊగిసలాట. మా ఊళ్లో ఆ మాటకు వేరే అర్థం ఉంది. 2003 జూన్ 16న 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. కుర్రాడికి అప్పటికి రెండేళ్లు. అరువు తెచ్చిన కొలతలో ఆ రోజు ఎక్కడుంటుందని అడిగాడు. ఉండదని చెప్పాను.

పాఠ్యపుస్తకంలో ఈ లెక్క చివర ఒక మాయ ఉంటుంది. ఐదేళ్లో పదేళ్లో విడిగా లెక్కగట్టి, ఆ పైన "కంపెనీ ఇలాగే ఎప్పటికీ నడుస్తుంది" అనుకుని ఒకే అంకె వేసేస్తారు. సబ్బుల కంపెనీకి అది చెల్లుతుంది. బొగ్గు కంపెనీకి "ఎప్పటికీ" అన్న మాట ఎక్కడిది? తవ్వుతుంటే తరుగుతుంది. కొత్త గని ఖాయంగా వస్తుందన్న నమ్మకమూ లేదు. 2020 నుంచి బ్లాకులను వేలం వేస్తున్నారు. పక్కన మంచిర్యాల జిల్లాలోని శ్రావణపల్లి బ్లాకును 2024లో వేలానికి పెట్టారు. ఒడిశాలోని నైనీ బ్లాకు 2015లో సింగరేణికి దక్కితే, బొగ్గు తవ్వకం మొదలైంది 2025 ఏప్రిల్‌లో. 12 శాతం లెక్కన పదేళ్లు ఆలస్యమైన రూపాయి 32 పైసలు.

అందుకని కుర్రాడు "ఎప్పటికీ" కొట్టేసి, పాతికేళ్లు అని పెట్టుకున్నాడు. ఆ పాతికేళ్ల సంగతి ఖాయం చేసుకోవడానికి తండ్రిని నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, నడుం పట్టుకుని మెల్లగా మెట్లెక్కాడాయన. కుర్చీలో కూచోడానికే రెండు నిమిషాలు పట్టింది.

"రిపోర్టుల రాసిన బొగ్గంత పైకి రాదు సారూ" అన్నాడు ఆయన. "మేం గ్యాలరీలు తోలుకుంట పోతం, పిల్లర్లు ఇడిసిపెడ్తం. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్లర్లు గుంజుతం. పైన ఊరుంటె పిల్లరు ముట్టొద్దు. వాగుంటె ముట్టొద్దు. బండ మంచిగ లేకుంటె ముట్టొద్దు. లెక్కల ఉంటది, చేతికి రాదు."

కొడుకు వెంటనే షీటు తెరిచి ఒక అంకె తగ్గించాడు. గైడు ఇవ్వని పాఠం అది, కాలేజీ ఫీజు లేకుండా.

అప్పుడు తన లెక్కలో బయటపడ్డ విచిత్రం చూపించాడు కుర్రాడు. కొంచెం ఉత్సాహంగానే. ఏటా వంద రూపాయలు మిగిలే కంపెనీ ఉందనుకోండి. 12 శాతం లెక్కన, అది యుగాంతం దాకా నడిస్తే ఇవాళ్టి విలువ 833 రూపాయలు. పాతికేళ్లకే మూతపడితే 784 రూపాయలు. "సూడుండ్రి సార్, ఎంత భయపడ్డ! తేడా నలభై తొమ్మిదే. వందకు ఆరు."

నేను కాగితం మీద వేసి చూశాను. సరిగ్గానే ఉంది. ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ని, సూత్రం నాకు నిద్రలో కూడా వస్తుంది. ఆ అంకెను మా ఊరి పక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

తండ్రి అటూ ఇటూ చూశాడు. "గదేంది? ఇర్వై అయిదేండ్లకు బాయిలన్ని బందయితె నలభై తొమ్మిది రూపాయలే నష్టమా?"

"పెట్టుబడి పెట్టినోనికి, బాపూ."

"మల్ల బెల్లంపల్లి సంగతేంది?"

తండ్రి అన్నగారి కుటుంబం బెల్లంపల్లిలో ఉండేది. ఒకప్పుడు సింగరేణి అంటే బెల్లంపల్లి. బావులు ఒక్కొక్కటే మూతపడుతుంటే మనుషులు శ్రీరాంపూర్‌కు, మందమర్రికి, మా గోదావరిఖనికి తరలిపోయారు. క్వార్టర్లు ఖాళీ పడ్డాయి. కంపెనీకేం కాలేదు, లాభాల్లోనే ఉంది. బెల్లంపల్లిలో ఇల్లు కట్టుకున్న పెద్దనాయనకు మాత్రం ఆ ఇల్లు అమ్మితే కట్టినంత కూడా రాలేదట. రేపు నైనీలో బొగ్గు దండిగా వచ్చి, కంపెనీ ఖరీదు పెరగొచ్చు. అంగుల్ జిల్లాలో తవ్విన బొగ్గుకు లక్ష్మీనగర్‌లో చీరల దుకాణం నడుస్తుందా? సింగరేణి బతకడం, గోదావరిఖని బతకడం రెండూ ఒకటే అనుకుంటూ వచ్చాం మనం. లెక్కలో అవి రెండు వేర్వేరు వరుసలు.

కొడుకు ఇంకేమీ మాట్లాడకుండా కొత్త షీటు తెరిచాడు. 2062 అని కొట్టాడు. 37 ఏళ్ల తర్వాతి రూపాయికి 12 శాతం చొప్పున ఇవాళ్టి విలువ వేశాడు. పైసన్నర.

"ఆఖరి ఏడాది జీతం రూపాయికి పైసన్నరన్నట్టు" అన్నాడు.

"పైసన్నరకు అప్పుడు ఉప్పు ప్యాకెట్ వస్తదా?" అన్నాడు తండ్రి. ఎగతాళికి అన్నాడో, నిజంగానే అడిగాడో నాకు తెలియలేదు. మా ఆవిడ టీ తెచ్చింది. మాట పెద్దకూతురు పెళ్లి మీదికి మళ్లింది.

ఇది సూత్రం తప్పు కాదు. ఇవాళ డబ్బు పెట్టి, ఇష్టం లేకపోతే రేపు అమ్ముకుని పోగలిగే వాడి కోసం పుట్టిన సూత్రం అది. అతనికి పాతికేళ్ల అవతల చూడాల్సిన అవసరం లేదు కాబట్టి అతని కళ్లజోడు అంతవరకే కనిపిస్తుంది. 2070 నాటికి నెట్ జీరో అని భారత్ 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చింది. ఆ మాటకు కూడా ఈ లెక్కలో దాదాపు విలువ ఉండదు, అంత దూరాన ఉంది గనుక. క్వార్టర్ ఖాళీ చేశాక ఎక్కడ ఉండాలో తెలియనివాడు ఇదే కళ్లజోడు పెట్టుకుంటే ఏమీ కనపడదు. ఇక్కడి రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది, మళ్లీ 2021లో కొత్త కంపెనీగా ఎరువు తీసింది. మధ్యలో 22 ఏళ్లు. ఆ 22 ఏళ్లను ఎఫ్‌సీఐ కాలనీలో గడిపినవాళ్లు ఏ శాతంతో కుదించుకున్నారో ఎవరూ ప్రాజెక్టు చేయలేదు.

మేలో వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పేజీలు తిప్పి, "17 వేల కోట్లంటావు, 33 వేల కోట్లంటావు. ఇంత తేడా ఉంటే విలువ కట్టినట్టా, కట్టనట్టా?" అన్నాడట. తేడా ఎక్కణ్నించి వస్తుందో పట్టిక వేశానని చూపించాడు మనవాడు. ఏ లాభం తీసుకున్నామన్నది ఒకటి, బకాయిలు ఎప్పుడొస్తాయన్నది ఒకటి, కొత్త బ్లాకులు వస్తాయా రావా అన్నది ఒకటి. గని ఆయుష్షు పట్టికలో చిట్టచివర ఉంది, అన్నిటికంటే తక్కువ ప్రభావం చూపేదిగా. ఎగ్జామినర్ అక్కడ ఆగి, "గనుల కంపెనీకి ఇది ఎక్కువ ఉండాలి కదా, తప్పు చేశావేమో" అన్నాడట. లెక్క చూపించాక తలూపాడు. ఫస్ట్ క్లాస్ వచ్చింది.

స్వీట్ డబ్బాతో వచ్చి ఇవన్నీ చెప్పాడు. హైదరాబాద్‌లో ఒక బ్రోకరేజీ సంస్థ పిలిచిందట. జీతం మొదట్లో తక్కువే. సింగరేణిలో చేరితే మొదటి నెల నుంచే దానికంటే ఎక్కువ, పైన క్వార్టరు, ఆసుపత్రి, దసరాకు లాభాల వాటా.

"బాపు దరఖాస్తు పెట్టిండా?"

"లేదు సార్. నువ్వు చెప్పంది పెట్ట అంటున్నడు. నేనేం చెప్పక ఫస్ట్ షిఫ్ట్‌కు పోతనే ఉన్నడు."

ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండు కాలమ్‌లు, ఒకదాని పైన హైదరాబాద్, ఒకదాని పైన బాయి. 2025 నుంచి 2062 దాకా వరుసగా సంవత్సరాలు. జీతాలు, అద్దె, అమ్మ మందులు, చెల్లె చదువు, బాపు నడుము, అన్నీ నింపాడు. పైన ఒక్క గడి ఖాళీగా ఉంది. కుదింపు శాతం.

"ఇండ్ల ఎంత పెట్టాలె సార్? పన్నెండేనా?"

పన్నెండు అనలేకపోయాను. సున్నా అనీ అనలేకపోయాను. మళ్లీ ఆదివారం రమ్మన్నాను, బాపును కూడా తీసుకుని.